కెర్నల్ డాక్యుమెంటేషన్: నేను రోజూ వినే అపోహలు, రోజూ చూసే వాస్తవాలు

"లినక్స్ కెర్నల్‌లో పని చేస్తారా? ఏ డ్రైవర్?" అని అడుగుతారు. (కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, డ్రైవర్ అంటే ఒక్కో పరికరాన్ని నడిపించే కోడ్.) డ్రైవర్ కాదండీ, డాక్యుమెంటేషన్ అనగానే "ఓహో" అని మాట మార్చేస్తారు. ఆ "ఓహో" వెనక ఏముందో నాకిప్పుడు కంఠతా వచ్చేసింది. అందులో కొన్ని అభిప్రాయాలు మొదట్లో నాకూ ఉన్నవే, కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. ఒకచోట రాసి పెడితే మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పుతుందని ఈ ప్రయత్నం.

అపోహ: కోడ్ రాయడం రానివాళ్లకు అప్పగించే పని ఇది

వాస్తవం: ఒక ఫంక్షన్ గురించి నాలుగు లైన్లు రాయాలంటే ఆ ఒక్క ఫంక్షన్ చదివితే సరిపోదు. అది ఏం చేస్తుందో పేరు చూస్తేనే సగం తెలుస్తుంది. దాన్ని వాడుకోబోయేవాళ్ల ప్రశ్నలు వేరే ఉంటాయి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి (పరికరం కబురు పెట్టిన వెంటనే నడిచే కోడ్) దీన్ని పిలవొచ్చా? స్పిన్‌లాక్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళం) పట్టుకుని ఉండగా పిలిస్తే ఏమవుతుంది? ఇది చేతికిచ్చిన మెమరీని చివరికి ఎవరు ఫ్రీ చేయాలి?

స్లీప్, అంటే ఫంక్షన్ మధ్యలో ఆగి వేచి ఉండటం, ఆ సంగతే తీసుకోండి. కెర్నల్-డాక్ కామెంట్‌లో (ఫంక్షన్ పైన నిర్ణీత పద్ధతిలో రాసే వివరణ) "కాంటెక్స్ట్" అని ఒక భాగం రాయొచ్చు. అక్కడ ఏం రాయాలో తెలియాలంటే ఈ ఫంక్షన్ ఎవరిని పిలుస్తోంది, వాళ్లు ఎవరిని పిలుస్తున్నారు అని కిందికి దిగుతూ పోవాలి. మూడు మెట్లు దిగాక ఎక్కడో ఒక మూల కేమాలాక్‌ను (మెమరీ అడిగే ఫంక్షన్) జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో పిలిచి ఉంటుంది. ఆ ఫ్లాగ్ ఉందంటే మెమరీ ఖాళీ అయ్యేదాకా ఆగాల్సి రావచ్చు. అంటే పైన ఉన్న ఫంక్షన్లన్నీ స్లీప్ కాగలవన్నమాట. వాటిని స్పిన్‌లాక్ పట్టుకుని పిలవకూడదు. ఇంత తవ్వకానికి ఫలితంగా కామెంట్‌లో చేరేది "స్లీప్ కావచ్చు" అనే రెండు మాటలు. ఆ రెండు మాటల కోసం నాకు ఒక సాయంత్రమంతా పోయిన రోజులున్నాయి.

అపోహ: కోడే అసలైన డాక్యుమెంటేషన్, మిగతాది అలంకారం

ప్రోగ్రామర్లలో బాగా పాతుకుపోయిన మాట ఇది. కోడ్ చదివితే ఈ రోజు ఏం జరుగుతోందో తెలుస్తుంది. అలా జరగాలని ఎవరైనా మాటిచ్చారా, లేక యాదృచ్ఛికంగా అలా కుదిరిందా అన్నది మాత్రం కోడ్ చెప్పదు.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. ఒక హెల్పర్ ఫంక్షన్ పైన కామెంట్‌లో "పని అయితే 0, ఫెయిలైతే నెగటివ్ ఎర్రర్ కోడ్ తిరిగొస్తుంది" అని ఉంది. మధ్యలో ఎవరో ఆ ఫంక్షన్‌ను మార్చి, పని అయినప్పుడు ఎన్ని బైట్లు వెళ్లాయో ఆ సంఖ్య తిరిగొచ్చేలా చేశారు. మంచి మార్పే. ఆ ఫంక్షన్‌ను అప్పటికే వాడుతున్న డ్రైవర్లన్నింటినీ అదే ప్యాచ్‌లో (పంపిన మార్పుల కట్టలో) సరిచేశారు కూడా. కామెంట్‌ను మాత్రం ముట్టుకోలేదు. కొన్ని నెలల తర్వాత కొత్తగా డ్రైవర్ రాస్తున్న ఒకాయన కామెంట్‌ను నమ్మి, సున్నా కాకుండా ఏది వచ్చినా ఎర్రర్ అని రాసుకున్నాడు. డేటా సరిగ్గా వెళ్లిన ప్రతిసారీ డ్రైవర్ "ఫెయిల్" అంటోంది. పాపం రెండు రోజులు కేబుల్‌ను, ఆ తర్వాత ఫర్మ్‌వేర్‌ను అనుమానించాడు. చివరికి నేను పంపిన ప్యాచ్‌లో మారింది ఒక్క లైను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో వివరిస్తూ కమిట్ (నమోదైన మార్పు) మెసేజ్‌లో రాసింది మాత్రం పదకొండు లైన్లు. కింద "ఫిక్సెస్" అని ట్యాగ్ పెట్టి, అసలు మార్పు జరిగిన కమిట్ నంబర్‌లో మొదటి 12 అక్షరాలు కూడా ఇచ్చాను. డాక్యుమెంటేషన్‌లో బగ్ కూడా బగ్గే, దాన్ని కోడ్ బగ్‌లాగే చూడాలని నా పట్టుదల.

ఇక్కడ తప్పు కామెంట్‌దే అని తేలింది కాబట్టి సరిపోయింది. అన్నిసార్లూ అంత సులువు కాదు. కామెంట్ ఒకటి చెబుతూ కోడ్ ఇంకొకటి చేస్తుంటే, కొన్నిసార్లు తప్పు కోడ్‌దే అవుతుంది. ఏది తప్పో రాసేవాడు సొంతంగా తేల్చకూడదు. ఆ భాగం బాధ్యత చూసే మెయింటైనర్‌ను అడగాలి.

మాటివ్వడం గురించి చెప్పాలంటే కెర్నల్‌లో రెండు లోకాలున్నాయి. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎప్పుడైనా మారొచ్చు, ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లోనే నిర్మొహమాటంగా రాసి ఉంటుంది. యూజర్‌స్పేస్‌కు, అంటే కెర్నల్ బయట నడిచే మామూలు ప్రోగ్రామ్‌లకు, కనిపించేవి మాత్రం అలా కాదు. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఈ రోజు కెర్నల్ మార్చినందువల్ల ఆగిపోకూడదన్నది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అస్సలు రాజీపడని నియమం. అందుకే డాక్యుమెంటేషన్ డైరెక్టరీలో ఏబీఐ (బయటి ప్రోగ్రామ్‌లకు కనిపించే ఇంటర్‌ఫేస్‌లు) అనే ఫోల్డర్ ఉంది. అందులో స్టేబుల్, టెస్టింగ్, అబ్సొలీట్, రిమూవ్డ్ అని నాలుగు అరలు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ వివరాలను ఫైళ్లుగా చూపించే చోటు) ఒక కొత్త ఫైల్ పెడితే అది ఏంటో, ఏ వెర్షన్‌లో వచ్చిందో, ఎవరిని అడగాలో అక్కడ నమోదు చేయాలి. కోడ్ ఎంత చదివినా ఈ ఫైల్ ఏ అరలోదో తెలియదు.

అపోహ: ఒకసారి బాగా రాసేస్తే ఇక గొడవ ఉండదు

వాస్తవం: కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకొకటి వస్తుంది. ఒక్కో వెర్షన్‌లో పది వేలకు పైగా మార్పులు చేరతాయి. రాసినవాడు నిద్రపోయినా కోడ్ నిద్రపోదు.

నిజం చెప్పాలంటే నా పనిలో కొత్తగా రాసేది తక్కువ. ఉన్నది ఇంకా నిజమేనా అని చూసుకోవడమే ఎక్కువ. పాతబడిన డాక్యుమెంట్‌ను పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. కెర్నల్ డాక్యుమెంటేషన్ గైడ్‌లోనే వాటి జాబితా ఉంది. 2తో మొదలయ్యే వెర్షన్ల ప్రస్తావన, సోర్స్‌ఫోర్జ్ అనే కోడ్ సైట్ లింకులు, ఏళ్ల తరబడి హిస్టరీలో స్పెల్లింగ్ దిద్దుబాట్లు తప్ప మరేమీ లేకపోవడం, గిట్ (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) రాకముందు ప్యాచ్‌లు పంపిన పద్ధతుల గురించి వివరణ. కెర్నల్ గిట్‌కు మారింది 2005లో. దానికి ముందటి పద్ధతిని ఇప్పటికీ వర్తమానకాలంలో వివరించే పేజీ కనిపిస్తే నాకు నవ్వూ వస్తుంది, టెన్షనూ వస్తుంది.

అలాంటిదాన్ని తీసేద్దామంటే మొదట వచ్చే మాట "ఉండనివ్వండి, ఎవరికైనా పనికొస్తుందేమో." అటక మీద సామాను గురించి కూడా ఇదే అంటాం కదా. కానీ అటక మీది పాత సామాను ఎవరికీ దారి చూపించదు. పాత డాక్యుమెంట్ చూపిస్తుంది, తప్పుదారి. పైగా ఒక పేజీలో మోసపోయిన మనిషి పక్కనున్న మంచి పేజీని కూడా నమ్మడు. తప్పు డాక్యుమెంట్ కంటే డాక్యుమెంట్ లేకపోవడమే నయం అన్నది నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని మెయింటైనర్లు చాలామందే ఉన్నారు. వాళ్లతో బేరమాడి కనీసం పైన "ఇది పాత సమాచారం" అని ఒక లైను పెట్టిస్తాను. కొసరు దక్కినట్టు.

ఫైళ్లు జరిగినా చిక్కే. 2016లో 4.8 వెర్షన్‌తో కెర్నల్ డాక్యుమెంటేషన్ స్ఫింక్స్ అనే సాధనానికి, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే ఫార్మాట్‌కు మారడం మొదలుపెట్టింది. అంతకుముందు కొంత డాక్‌బుక్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో, మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు రాసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉండేది. ఆ మార్పిడి ఏళ్ల తరబడి సాగింది. ఫైళ్లను అంశాలవారీగా ఫోల్డర్లలోకి సర్దారు. పేర్లు మారాయి. కానీ వేల సీ ఫైళ్లలో "వివరాలకు ఫలానా ఫైల్ చూడండి" అన్న కామెంట్లు పాత పేర్లతోనే ఉండిపోయాయి. వాటిని వెతికి పట్టడానికి "మేక్ రెఫ్‌చెక్‌డాక్స్" అని ప్రత్యేకంగా ఒక కమాండే ఉంది. ఎప్పుడు నడిపినా ఏదో ఒకటి దొరుకుతుంది.

అపోహ: మార్కప్ (ఫార్మాటింగ్ గుర్తులు) ఎంత ఎక్కువైతే డాక్యుమెంట్ అంత ప్రొఫెషనల్

కాదు. కెర్నల్ డెవలపర్లలో చాలామంది వీటిని బ్రౌజర్‌లో చూడరు, ఎడిటర్‌లో తెరిచి చదువుతారు, గ్రెప్‌తో వెతుకుతారు. అందుకే మామూలు టెక్స్ట్‌గా చదివినా హాయిగా ఉండాలి. ఫంక్షన్ పేరు రాసి పక్కన బ్రాకెట్లు పెడితే చాలు, లింక్ దానంతటదే పడుతుంది. దాని కోసం అడ్డమైన గుర్తులన్నీ పెట్టనక్కర్లేదు.

మార్కప్ బొత్తిగా తెలియకపోయినా కుదరదు. ఒక ఫంక్షన్ ఏయే ఎర్రర్ కోడ్‌లు తిరిగిస్తుందో ఒకదాని కింద ఒకటి, ఎంతో ముచ్చటగా వరుసలు కుదిర్చి రాస్తారు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లోకి వచ్చేసరికి అన్నీ కలిసిపోయి ఒకే పేరాగా తయారవుతాయి, ఎందుకంటే అక్కడ లైన్ మారడానికి విలువ లేదు. ప్రతి దాని ముందు చిన్న నక్షత్రం పెట్టి జాబితాగా రాస్తే సరిపోయేది. ఈ ఒక్క తప్పును రివ్యూలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

అపోహ: డాక్స్ బిల్డ్‌లో వచ్చే వార్నింగ్‌లు ఎవరికీ పట్టవు

వాటిలో సగం నిజమైన తప్పులే. ఫంక్షన్‌లో పరామీటర్ పేరు మార్చి, కామెంట్‌లో @ పక్కన పాత పేరే ఉంచేస్తే వార్నింగ్ వస్తుంది. ఎవరో ఏదో మార్చి కామెంట్ వైపు చూడలేదని దానర్థం. కాబట్టి పేరుతో పాటు వివరణ కూడా పాతబడిందేమో చూడాలి. పేరు మార్చేసి వార్నింగ్ నోరు మూయించడం జ్వరం వస్తే థర్మామీటర్ దాచేయడం లాంటిది.

ఇంకొకటి మరీ చిన్నది. కెర్నల్-డాక్ కామెంట్ /** తో మొదలవ్వాలి. మామూలు కామెంట్‌కు కూడా అలవాటుగా రెండో నక్షత్రం పెట్టేస్తారు. అప్పుడు స్క్రిప్ట్ దాన్ని చదవబోయి గందరగోళపడుతుంది. ఒక నక్షత్రం తీసేస్తే పోతుంది.

అపోహ: స్పెల్లింగ్ దిద్దే ప్యాచ్ పంపితే చులకనగా చూస్తారు

చూడరు. ప్యాచ్ ఎలా తయారుచేయాలి, "సైన్డ్-ఆఫ్-బై" (పంపినవారి సంతకం లాంటి లైన్) ఎలా పెట్టాలి, ఎవరికి పంపాలో స్క్రిప్ట్‌తో ఎలా కనుక్కోవాలి అన్నవి నేర్చుకోవడానికి అంతకంటే సురక్షితమైన దారి లేదు. అయితే నాలుగైదు అయ్యాక ఇంకాస్త పెద్ద పనికి వెళ్లాలి, తర్వాత వచ్చే కొత్తవాళ్లకూ కొన్ని తప్పులు మిగలాలి కదా. ఇది సరదాకు అంటున్నది కాదు, గైడ్‌లో నిజంగానే ఇలా ఉంది. బ్రిటిష్ స్పెల్లింగ్‌ను అమెరికన్‌గా మార్చే ప్యాచ్‌లు మాత్రం పంపకండి. రెండూ చెల్లుతాయి. ఫుల్‌స్టాప్ తర్వాత ఒక స్పేసా, రెండా అన్న చర్చ కూడా అక్కడ నడవదు.

అపోహ: డాక్యుమెంటేషన్ అంతా ఒకే టీమ్ చేతిలో ఉంటుంది

డాక్యుమెంటేషన్ డైరెక్టరీకి మెయింటైనర్ ఉన్నారు, చాలా ఏళ్లుగా జొనాథన్ కార్బెట్. కానీ ఫంక్షన్ల పైన ఉండే కామెంట్లు సీ ఫైళ్లలో ఉంటాయి, అవి ఆయా సబ్‌సిస్టమ్‌ల సొత్తు. డివైస్ ట్రీ బైండింగ్‌లు (హార్డ్‌వేర్‌ను ఎలా వర్ణించాలో చెప్పేవి) అదే డైరెక్టరీలో ఉన్నా వాటికి వేరే మెయింటైనర్లు, వేరే యామల్ స్కీమాలు, వేరే చెకింగ్ కమాండ్. సిస్టమ్ కాల్స్‌కు (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ను అడిగే సేవలు) ఉండే మ్యాన్ పేజీలైతే, అంటే మాన్యువల్ పేజీలైతే, కెర్నల్ సోర్స్‌లోనే ఉండవు, అది విడిగా నడిచే ప్రాజెక్ట్. చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు ఉన్నాయి, ఇంగ్లిష్ మూలం మారినప్పుడల్లా అవి ఒక అడుగు వెనకబడతాయి. ఒక సిస్టమ్ కాల్‌కు కొత్త ఫ్లాగ్ చేర్చితే ఎన్ని తలుపులు తట్టాలో దీన్నిబట్టి ఊహించుకోండి.

అపోహ: ఇక ఇదంతా ఏఐ రాసేస్తుంది

ఈ మధ్య ఎక్కువగా వింటున్నది ఇదే. నాకు వచ్చిన ఒక ప్యాచ్‌లో ఒక ఫైల్‌లోని ఫంక్షన్లన్నింటికీ నున్నటి భాషలో కామెంట్లు ఉన్నాయి. చదువుతూ పోతే ఒక ఫంక్షన్ పైన "విజయవంతమైతే 0 తిరిగొస్తుంది" అని ఉంది. ఆ ఫంక్షన్ వాయిడ్, అసలు ఏదీ తిరిగివ్వదు. మిగతా వాటిలో ఫంక్షన్ పేరునే సాగదీసి వాక్యం చేశారు. లాక్‌ల గురించి ఒక్క ముక్క లేదు. సాధనం ఏదైనా వాడుకోవచ్చు, అభ్యంతరం లేదు. కింద "సైన్డ్-ఆఫ్-బై" పెట్టిన మనిషి ప్రతి వాక్యానికీ జవాబుదారీ. నేను అడిగిన మూడు ప్రశ్నలకు ఆ ప్యాచ్ పంపినవారి నుంచి జవాబు రాలేదు.

అపోహ: డాక్యుమెంటేషన్ ప్యాచ్‌లను ఎవరూ రివ్యూ చేయరు

ఇది పూర్తిగా అపోహ అని అనలేను. కోడ్ మారిస్తే పది మంది వస్తారు, కామెంట్ మారిస్తే ఒక్కోసారి రెండు వారాలు నిశ్శబ్దం. మెయింటైనర్లకు తీరిక లేదు, అంతే. నేను చేసే పని ఏంటంటే, "దయచేసి రివ్యూ చేయండి" అని రాయడం మానేశాను. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పగలిగే ప్రశ్న ఒకటి పెడతాను. ఆ మధ్య ఒక ఫంక్షన్ గురించి ఇలాగే "దీన్ని లాక్ పట్టుకోకుండా పిలవొచ్చని రాశాను, సరైనదేనా?" అని అడిగాను. రెండు వారాలుగా చప్పుడు లేని ప్యాచ్‌కు అదే రోజు జవాబు వచ్చింది: "పిలవొచ్చు, కానీ రెండో ఆర్గ్యుమెంట్ నల్ అయితే మాత్రం లాక్ కావాలి." కోడ్‌లో ఎక్కడా అలా రాసి లేదు. ఆయన చెప్పాక మళ్లీ చదివితే గానీ నాకూ కనిపించలేదు. ఇప్పుడు ఆ కామెంట్‌లో ఒక లైన్ ఎక్కువ ఉంది.