తాళం వేసిన మురుగు ప్లాంటులో ఏం జరుగుతుంది?

రైస్‌మిల్లు మూతపడితే తాళం వేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. మురుగునీటి శుద్ధి ప్లాంటుకు తాళం వేస్తే అసలు తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. ఒడిశాలోని గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి తీరపట్టణాల్లో అయితే మరీను. బరంపురం చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం.

ప్లాంటులో నీటిని శుభ్రం చేసేది బ్యాక్టీరియా. మురుగులోకి గాలి ఊదుతూ, అడుగున పేరుకున్న బ్యాక్టీరియా నిండిన బురదను పారబోయకుండా మళ్లీ మళ్లీ వాడితే నీరు గంటల్లోనే తేటపడుతుందని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించారు. నేటికీ చాలా ప్లాంట్లు నడిచేది ఆ పద్ధతిలోనే. ఆపరేటర్ రోజూ ఒక లీటరు గాజు జాడీలో ట్యాంకు నీరు పట్టి అరగంట కదపకుండా ఉంచుతాడు. గోధుమరంగు బురద అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచి, తడిమట్టి వాసన వస్తే అంతా బాగున్నట్టే. బురద నల్లబడి కుళ్లిన గుడ్ల కంపు కొడితే గాలి చాలడం లేదన్నమాట.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో కరెంటు లేని రోజులు ఇక్కడ ఎవరూ మరచిపోరు. కరెంటు పోయినా, ప్లాంటుకు తాళం వేసినా గాలి ఊదే బ్లోయర్లు ఆగిపోతాయి. ట్యాంకులో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను బ్యాక్టీరియా కాసేపట్లోనే వాడేసుకుంటుంది. ఆ తర్వాత రాజ్యమేలేది వేరే జాతి బ్యాక్టీరియా. అది ఆక్సిజన్ బదులు నీటిలో కరిగి ఉండే సల్ఫేటు అనే లవణంతో పని కానిచ్చుకుని, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేటు ఉంటుంది. తీరంలో పగిలిన పైపుల్లోకి ఉప్పునీరు ఊరుతుంది కాబట్టి ఈ జాతికి మేతకు కొదవ లేదు.

ఈ వాయువు గాలికన్నా బరువు. గుంతల్లో, పంపు గదుల్లో అడుగున చేరి ఉంటుంది. పది లక్షల భాగాల గాలిలో సుమారు 100 భాగాలు చేరేసరికి ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. కంపు పోయింది కదా అని దిగినవాళ్లు, వాళ్లను కాపాడబోయి దిగినవాళ్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకునేది ఇందుకే. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మూతపడ్డ ప్లాంటులోనూ ప్రమాదం అంతే. ఇనుప సామాను కోసమో, పోయిన బంతి కోసమో ఎవరైనా దిగబోతే దయచేసి ఆపండి.

పోనీ ట్యాంకులు ఖాళీ చేసేస్తే? తీరంలో అదీ అంత తేలిక కాదు. ఇసుక నేలల్లో వానాకాలం భూగర్భజలం బాగా పైకొస్తుంది. ట్యాంకు అడుగుకు మూడు మీటర్ల ఎత్తున బయట నీరుంటే, ప్రతి చదరపు మీటరునూ మూడు టన్నుల బలం పైకి తోస్తుంది. 30 సెంటీమీటర్ల మందం కాంక్రీటు అడుగు బరువు చదరపు మీటరుకు ముప్పావు టన్నే. గోడల బరువు కలిసినా చాలకపోతే అడుగు పగులుతుంది, లేదా మొత్తం ట్యాంకే భూమిలోంచి పైకి లేస్తుంది.

అలాగని నింపి వదిలేస్తే క్యూలెక్స్ దోమలు కాపురం పెడతాయి. వాటికి మురుగునీరంటే మహా ఇష్టం. బోదకాలును మోసుకొచ్చేవి అవే. ఆ జబ్బు ఎంత నరకమో గంజాంలోనూ శ్రీకాకుళంలోనూ పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

అందుకే పద్ధతిగా మూసేవాళ్లు ముందు బురదను తోడి ఆరబెట్టి, పరీక్ష చేయించి తరలిస్తారు. భూగర్భజలం కిందికి దిగిన ఎండాకాలంలో ట్యాంకు అడుగున రంధ్రాలు కొట్టి, నీరు తోయకుండా దారి ఇచ్చి, ఇసుకతో పూడ్చేస్తారు. ఇదంతా ఖర్చుతో కూడిన పని. టెండరులో దీనికి డబ్బు రాశారా అని వార్డు సభ్యుణ్ణి అడగడం మన హక్కు.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరిస్తే అందులో 80 శాతం మురుగవుతుందని మన ఇంజినీర్లు లెక్క కడతారు. యాభై వేల జనాభా ఉన్న పట్టణంలో అది రోజుకు 54 లక్షల లీటర్లు. ప్లాంటు మూసిన మర్నాటి నుంచి ఆ నీళ్లు ఏ కాలువలోకి, ఏ బీచ్‌కు పోతాయో మూయకముందే తేల్చుకోవాలి.