86400 అని కాదు, 24 * 60 * 60 అనే రాయండి

చిరంజీవులకు ఆశీస్సులు.

రోజుకెన్ని సెకన్లో కావలసి వచ్చి మీ పైథాన్ ప్రోగ్రాములో 86400 అని రాశారు. 24 * 60 * 60 అని రాస్తే ప్రతిసారీ గుణించాలి, ప్రోగ్రాము నెమ్మదిస్తుందన్నారు. ఆ భయం పెట్టుకోకండి. చదివేవాళ్లకు ఏది సులువో అదే రాయండి.

పైథాన్ మీ ప్రోగ్రామును నడిపే ముందు బైట్‌కోడ్‌గా, అంటే తను నడపగల చిన్న చిన్న ఆదేశాలుగా మారుస్తుంది. ఆ మార్చే భాగమే కంపైలరు. అప్పుడే, అన్నీ సంఖ్యలే ఉన్న లెక్క కనబడితే అక్కడికక్కడే చేసేసి జవాబు మాత్రం ఉంచుతుంది. దీన్ని కాన్‌స్టంట్ ఫోల్డింగ్ అంటారు. ఇక లూపు పది లక్షల సార్లు తిరిగినా ఆ గుణకారం మళ్లీ జరగదు. పైథాన్‌తోనే వచ్చే డిస్ (dis) అనే మాడ్యూల్‌తో బైట్‌కోడ్ తీసి మీరే చూడండి.

అయితే రోజులు * 24 * 60 * 60 అని రాస్తే మాత్రం ఏదీ ముందే తేలదు. గుణకారం ఎడమ నుంచి మొదలవుతుంది, "రోజులు" విలువ ఎంతో నడిచేదాకా తెలియదు. అదే 24 * 60 * 60 * రోజులు అంటే, మొదటి మూడూ కలిసి 86400 అయిపోతాయి.

మొదటి పద్ధతిలోనూ చివరి మూడింటినీ పైథానే ముందు గుణించుకోవచ్చు కదా అంటారేమో. "రోజులు" దశాంశ సంఖ్య కూడా కావచ్చు. దశాంశాలతో ఒకసారి కూడి చూడండి. 0.1 + 0.2 + 0.3 అంటే పైథాన్ 0.6000000000000001 చెబుతుంది. 0.1 + (0.2 + 0.3) అంటే 0.6 చెబుతుంది. క్రమం మారితే జవాబే మారింది! వేగం కోసం మీ జవాబును మార్చే హక్కు కంపైలరుకు లేదు. ఈ నియమమంటే నాకు ఎంతో గౌరవం.

1 / 0 కనబడినా అది ముందే గొడవ చేయదు. ఆ వరుస ఎవరూ పిలవని ఫంక్షన్‌లో ఉండొచ్చు కదా. నడిచినప్పుడే ఎర్రర్ వస్తుంది.

పెద్ద జవాబులకూ హద్దుంది. 2 ** 64 (రెండును 64 సార్లు గుణించడం) ముందే తేలుస్తుంది, 2 ** 1000 జోలికి పోదు. "అ" * 4096 ("అ"ను 4096 సార్లు వరసగా రాయడం) చేసి పెడుతుంది, 4097 అయితే వదిలేస్తుంది. ఈ హద్దు లేకపోతే ఒక్క చిన్న వరుస వల్ల కంపైల్ చేసిన ఫైలు ఎంతైనా ఉబ్బిపోతుంది.

ఈసారి ఒక పని చేయండి. ఒక సంఖ్య [1, 2, 3]లో ఉందో లేదో "ఇన్" (in)తో అడిగే ఫంక్షన్ రాసి, డిస్‌తో చూడండి. మీరు రాసిన లిస్టు అక్కడ టపుల్‌గా, అంటే మార్చడానికి వీల్లేని వరుసగా కనిపిస్తుంది. అలా మార్చినా జవాబు ఎందుకు మారదో ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య