పింఛను గుమ్మంలోకే ఎందుకు రావాలి: 2024 ఏప్రిల్ చెప్పిన జవాబు

ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఇంటికొచ్చి ఇవ్వాల్సినవాళ్లు గుడి దగ్గరికో రచ్చబండ దగ్గరికో రమ్మంటున్నారని పెద్దవాళ్ల ఫిర్యాదు. ఒక్క పూటలో అన్ని ఇళ్లు తిరగడం కష్టమని గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది మాట. వందల్లో ఉన్న పింఛను వేలల్లోకి ఎలా వచ్చిందో, ఏ ప్రభుత్వం ఎంత పెంచిందో తెలియనివాళ్లు లేరు. ఇవాళ్టి గొడవంతా డబ్బు చేతికందే చోటు గురించి. దాని మూలం 2024 ఏప్రిల్‌లో ఉంది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2020 ఫిబ్రవరి ఒకటిన, ప్రభుత్వం పెట్టిన గ్రామ, వార్డు వలంటీర్లు ఇంటింటికీ వెళ్లి పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు. పల్లెల్లో యాభై ఇళ్లకు ఒక వలంటీరు. తెల్లవారకముందే తలుపు తట్టేవారు. 2024 ఎన్నికల షెడ్యూలు వచ్చాక, మార్చి 30న ఎన్నికల సంఘం వలంటీర్లను నగదు పంపిణీకి దూరంగా ఉంచమని ఆదేశించింది. వలంటీర్లు అధికార పార్టీకి పనిచేస్తున్నారన్న ఫిర్యాదుల మీద వచ్చిన ఆదేశం అది. ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేసుకోమని కూడా చెప్పింది. రాష్ట్ర యంత్రాంగం మాత్రం సిబ్బంది చాలరంటూ, మంచంలో ఉన్నవాళ్లను, దివ్యాంగులను మినహాయించి మిగతావాళ్లను సచివాలయాలకే రమ్మంది.

ఏప్రిల్ 3న పంపిణీ మొదలైంది. అప్పటికే ఎండలు మండుతున్నాయి. చాలాచోట్ల డబ్బు సమయానికి రాలేదు. పొద్దున్నే వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా అరుగుల మీద, చెట్ల కింద కూర్చున్నారు. తీరా వంతు వచ్చాక వేలిముద్ర పడదు. నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, బట్టలుతికిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. కొంగు తడిపి వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాలి. ఆ వేలు కాకపోతే ఇంకో వేలు, అదీ కాకపోతే కన్ను. పింఛను కోసం వెళ్లి వృద్ధులు చనిపోయారని ఊరూరి నుంచీ వార్తలొచ్చాయి. ఎంతమంది, ఎవరి వల్ల అని పార్టీలు కొట్టుకున్నాయి. ఆ పెద్దవాళ్ల మాట ఆ రభసలో ఎవరికీ వినపడలేదు.

మే నెలలో ఇంకో మార్గం పట్టారు. లబ్ధిదారుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. కాగితం మీద చూస్తే ఇది ఇంకా సులువైన పద్ధతి. కానీ ఏళ్ల తరబడి వాడని ఖాతా నిద్రపోయి ఉంది. కొందరికి ఏ బ్యాంకులో పడిందో తెలియదు. ఇంకొందరి డబ్బులోంచి బ్యాంకు తన చార్జీలు పట్టుకుంది. పట్నంలో ఉన్నవాళ్లకు బ్యాంకు రెండు వీధుల అవతల ఉంటుంది, పల్లెలో ఉన్నవాళ్లు మండల కేంద్రానికి ఆటో కట్టించుకుని వెళ్లాలి. వెంట ఒక మనిషి రావాలి, ఆ మనిషి కూలి పోతుంది.

నా దృష్టిలో ఆ రెండు నెలలే అసలు మలుపు. ఆరోగ్యంగా ముసలితనం గడవాలంటే ఆస్పత్రులు, మందులు, వ్యాయామం అని చెప్తాం. వాటన్నిటికీ ముందు కావాల్సినవి రెండున్నాయి: తనదంటూ కొంత డబ్బు, అది అందేంత దగ్గర. కొడుకును అడగకుండా మాత్రల షీటు కొనుక్కోగలగడం, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టగలగడం ఇంట్లో పెద్దవాళ్ల స్థానాన్నే మారుస్తాయి.

2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్లు దేశంలో 8.6 శాతమైతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. దేశం మొత్తమ్మీద వీళ్లలో నూటికి డెబ్బై మంది పల్లెల్లోనే ఉన్నారు. వృద్ధాప్యం మీద కేంద్రం చేయించిన లాసీ సర్వే ఫలితాలు 2021 జనవరిలో వచ్చాయి. బీపీ, షుగర్ ఉన్నాయని డాక్టరు చెప్పినట్టు అందులో అన్నవాళ్లు పట్నాల్లో ఎక్కువ, పల్లెల్లో తక్కువ. పల్లె మనిషి ఆరోగ్యం గట్టిదని దీనికి అర్థం చెప్పేవాళ్లున్నారు. బీపీ చూసే మనిషే దగ్గర్లో లేకపోతే బీపీ ఉన్నట్టు తెలిసేదెలా? ఊళ్లోకి వచ్చే 104 సంచార వైద్యం బండి ఆ లోటును కొంత పూడుస్తుంది, అది ఆగే చోటుదాకా నడవగలిగినవాళ్లకు. పట్నం పెద్దవాళ్ల కష్టం వేరు. ఆస్పత్రి పక్కనే ఉంటుంది, పలకరించే మనిషే ఉండడు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మారుతుంది, కాగితాలు వెనకే ఉండిపోతాయి.

2024 జులై ఒకటిన కొత్త ప్రభుత్వం 65 లక్షల మందికి పైగా పింఛనుదారులకు మళ్లీ ఇంటి దగ్గరే డబ్బు ఇప్పించింది. వృద్ధులకు పెంచిన 4,000, ఏప్రిల్ నుంచి మూడు నెలల బకాయి 3,000 కలిపి ఒకేసారి 7,000 అందాయి. పంచింది సచివాలయ ఉద్యోగులే. ఏప్రిల్‌లో చాలరన్న సిబ్బంది జులైలో చాలారు. అందుకే ఇప్పుడు పని భారం మాట వినిపించినప్పుడల్లా పెద్దవాళ్లకు ఆ ఏప్రిల్ గుర్తొస్తుంది, వాళ్ల భయంలో న్యాయముంది. ఉద్యోగులకు ఇతర సర్వేల బరువు ఉన్న మాటా నిజమే. ఆ బరువు తగ్గించాల్సింది ప్రభుత్వం, ఎండలో నడవాల్సింది ముసలివాళ్లు కాదు.

తెలంగాణలో ఆసరా పింఛన్లు పల్లెల్లో పోస్టాఫీసు దగ్గర, పట్నాల్లో బ్యాంకు ఖాతాలో అందుతూ వచ్చాయి. అక్కడా వేలిముద్రల తిప్పలు తప్పలేదు. కేంద్రం సంగతి చూస్తే, 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు ఇచ్చే వాటా 200 రూపాయల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది. పార్లమెంటు స్థాయీ సంఘం ఎన్నిసార్లు చెప్పినా కదలలేదు.

ఇంకో చిక్కుంది. ఊళ్లో పింఛను, హైదరాబాద్‌లో కొడుకు ఇల్లు, ఇలా బతుకుతున్న తల్లులు చాలామంది. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివర్లో వచ్చింది. అది పెద్ద ఊరటే. అయినా మూడో నెల ఒకటో తారీఖుకు గుమ్మంలో మనిషి ఉండాలి. మహిళలకు ఉచిత బస్సు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, ఎవరి సరిహద్దు లోపల వాళ్లకే. హైదరాబాద్ నుంచి ఊరెళ్లి పింఛను తెచ్చుకునే తల్లి ఆ పింఛనులోంచే టికెట్టు కొనుక్కుంటోంది.