పాత మచ్చ అంచున కొత్త పుండు

"రక్తపరీక్షలో టాక్సోప్లాస్మా ఐజీజీ పాజిటివ్ అని వచ్చింది. నా కన్ను మసకబారింది దానివల్లేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ ఒక్క రిపోర్టుతో తేలదండీ. టాక్సోప్లాస్మా అనే ఈ పరాన్నజీవి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే ఐజీజీ అనే యాంటీబాడీ చెబుతుంది. అలాంటివాళ్లు ప్రపంచంలో కోట్లమంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. నిజానికి నెగటివ్ వచ్చినప్పుడే ఆ పరీక్ష ఎక్కువ పనికొస్తుంది, ఈ జబ్బు కాకపోవచ్చని చెబుతుంది కాబట్టి.

అసలు సంగతి తేలేది కంటిలో చుక్కలు వేసి రెటీనాను చూసినప్పుడు. నల్లటి అంచున్న పాత మచ్చ, దాన్ని ఆనుకుని తెల్లటి కొత్త పుండు, దాని ముందు విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) అంతా మసక. పొగమంచులో హెడ్‌లైటులా ఉంటుందని డాక్టర్లు అంటుంటారు. పాత మచ్చ అంచుల్లో పరాన్నజీవి తిత్తులు ఏళ్ల తరబడి నిద్రపోతుంటాయి, ఒకటి పగిలితే అక్కడే కొత్త పుండు లేస్తుంది. ఇంకా అనుమానం ఉంటే కంటిలోంచి కాస్త ద్రవం తీసి, అందులో పరాన్నజీవి డీఎన్‌ఏ ఉందేమో వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు.

పిల్లిని ముట్టుకుంటే చూపు పోతుందని హడలిపోనక్కర్లేదు. దాని మలంతో కలుషితమైన మట్టి, నీరు, సరిగ్గా ఉడకని మాంసం, జాగ్రత్త పడాల్సింది వీటితో.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది మందుల ఎత్తుగడ. డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. మనకది తిండిలోంచి వస్తుంది, పరాన్నజీవి సొంతంగా కూడా తయారు చేసుకోగలదు. ఆ తయారీని సల్ఫాడయజిన్ ఆపేస్తుంది. మనలో ఆ మెట్టే లేదు కాబట్టి మనకు దెబ్బ తగలదు. తర్వాతి మెట్టు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ది, దాన్ని పైరిమెథమిన్ అడ్డుకుంటుంది. చిక్కేమిటంటే ఈ ఎంజైమ్ మనకూ ఉంది. అందుకే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. దీనికి విరుగుడు ఫోలినిక్ ఆమ్లం. అది ఆ మెట్టు దాటేసిన రూపం. మన కణాలు తీసుకుని వాడుకుంటాయి, పరాన్నజీవికి అది అందదు. మామూలు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటే ఈ లెక్కంతా తారుమారు: అది అడ్డుకట్టకు ఇవతలే ఉండిపోయి మనకు అక్కరకు రాదు, పైగా పరాన్నజీవికి మేత కావచ్చు.

వాపుకు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు, కానీ ఈ మందుల అండ లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే వాడితే పుండు చెలరేగిపోతుంది. సల్ఫా పడనివాళ్లకు క్లిండమైసిన్‌ను నేరుగా కంట్లోకే ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి ఉంది.

ఇంత చేసినా తిత్తులు చావవు. మాటిమాటికీ తిరగబెట్టేవాళ్లకు ట్రైమెథోప్రిమ్-సల్ఫామెథాక్సజోల్ మాత్ర రెండు మూడు రోజులకొకటి చొప్పున నెలల తరబడి ఇస్తే తిరగబెట్టడం తగ్గుతుంది.