బొండాం స్ట్రాలో కొబ్బరి అడ్డుపడితే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకి విజయవాడ వచ్చినప్పుడు మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎస్టీపీ, అంటే మురుగునీళ్లు శుభ్రం చేసే ప్లాంటు, గది ముందు నుంచి ముక్కు మూసుకుని పరిగెత్తారు. రిటైరయ్యేదాకా నేను పనిచేసింది అలాంటి గదుల్లోనే. లోపల ఏం జరుగుతుందో మీకు చెప్పాలనిపించింది.

మన ఇళ్లలో వాడిన నీళ్లన్నీ అక్కడి తొట్టిలోకి చేరతాయి. కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఆ మురికిని తిని బతుకుతాయి. ఆ బురదనీళ్లలోంచి తేటనీళ్లు లాగడానికి మెంబ్రేన్లు, అంటే వడపోత పొరలు, వేలాడదీస్తారు. చూడ్డానికి తెల్లటి సేమ్యా కట్టల్లా ఉంటాయి, కానీ ఒక్కో దారం లోపల బోలు. గోడ నిండా కంటికి కనపడని రంధ్రాలు, మైక్రాన్‌లో పదో వంతు కన్నా సన్నవి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది కాబట్టి బయటే ఆగిపోతుంది. పంపు లాగితే నీళ్లు మాత్రం లోపలికొస్తాయి.

చిక్కల్లా ఆ రంధ్రాలు పూడుకుపోవడమే. బెంజ్ సర్కిల్ దగ్గర కొబ్బరిబొండాం తాగుతుంటే స్ట్రాలో లేత కొబ్బరి ఇరుక్కుంది, గుర్తుందా? చిన్నోడు ఇంకా గట్టిగా పీల్చాడు. స్ట్రా నొక్కుకుపోయింది గానీ చుక్క రాలేదు. అక్క ఉఫ్ అని లోపలికి ఊదింది, ముక్క జారిపోయింది.

చిన్నోడు చేసిన పనే ఒకప్పుడు నేనూ చేశాను. ఆ వేసవిలో నేను పనిచేసే చోట తోటకీ, ఫ్లష్‌లకీ నీళ్లు ఎక్కువ కావాలన్నారు. పంపు స్పీడు పెంచాను. పంపు ఎంత గట్టిగా లాగుతోందో చూపే గేజ్ ముల్లు కొన్నాళ్లు మెల్లగా కదిలింది, ఫర్వాలేదనుకున్నాను. తర్వాత ఒక్క రాత్రిలో ఎగబాకింది. పొద్దున కట్ట పైకి తీస్తే దారాల మధ్య బురద అట్టకట్టి ఉంది. ముట్టుకుంటే బెండకాయ జిగురులా వేళ్లకి సాగింది. బ్యాక్టీరియా తమ చుట్టూ కట్టుకునే జిగురది. మధ్యలో జడ అల్లినట్టు తలవెంట్రుకలు. తప్పు నాదే, ఇప్పటికీ బాధేస్తుంది.

అప్పట్నుంచీ, కడగడం కన్నా మెంబ్రేన్‌ని తొందరపెట్టకపోవడమే ముఖ్యమని నమ్ముతాను. తొమ్మిది నిమిషాలు లాగి ఒక నిమిషం ఆపామనుకోండి, అంటుకున్న బురద వదులవుతుంది. కింద నుంచి బ్లోవర్ వదిలే గాలిబుడగలు దారాలను ఊపి దాన్ని దులిపేస్తాయి. కొన్ని రకాల్లో తేటనీటిని వెనక్కి తోస్తారు, అక్క ఊదినట్టు. అప్పటికీ పోని జిగురుకి హైపో, అంటే బ్లీచింగ్ ద్రావణం. గట్టి నీళ్ల వల్ల పట్టిన సున్నానికి సిట్రిక్ యాసిడ్, మీ అమ్మమ్మ నిమ్మఉప్పు అంటుందే, అది. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుట్టి ప్రాణం మీదికొస్తుంది. ఒకటి పూర్తిగా కడిగేశాకే రెండోది.

2009లో దక్షిణ కొరియాలోని సియోల్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు వేరే దారి చూపించారు. బ్యాక్టీరియా రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుని గుంపుగా జిగురు కడతాయి. ఆ కబురు మధ్యలోనే తుంచేస్తే జిగురు తగ్గింది! చదివినప్పుడు నాకెంత సంతోషమేసిందో.

వెంట్రుకలను ఆపడానికి ముందే సన్న జల్లెడ పెడతారు, అయినా కొన్ని దూరిపోతాయి. దువ్వెనలో చిక్కినవి బాత్‌రూమ్ జాలీలో వేయకండి. మూకుడులో మిగిలిన నూనె సింకులో పోయొద్దని అమ్మకీ చెప్పండి. పండగ ముందు అందరూ ఒకేసారి యాసిడ్, ఫినాయిల్ గుమ్మరిస్తే బ్యాక్టీరియాకి టెన్షనే, జిగురు ఇంకా ఎక్కువ వదులుతాయి.

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్య నుంచే డెల్టా పొలాలకి వెళ్తాయి. శుభ్రం కాని మురుగు వాటిలో కలిస్తే కింద రైతు కాళ్లు పెట్టేది ఆ నీళ్లలోనే.

దసరాకి వచ్చినప్పుడు ఆ గది తలుపు తీయిస్తాను. రెండు గాజు గ్లాసులు తెచ్చుకోండి. ఒకదాంట్లో తొట్టి బురద, ఒకదాంట్లో మెంబ్రేన్ దాటిన నీళ్లు పట్టి చూపిస్తాను.

మీ తాతయ్య