కండక్టరు నడుము కొలత

మైలాపూరులో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే దానికి పెట్టారు. నెల్లూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా చెన్నైలో ఉంటున్న మా బాబాయ్ ఈమధ్య రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్తున్నాడు. మొన్న నేనూ వెంట వెళ్లాను. గేటు బయట బండి దగ్గర ఆగి, స్టీలు గ్లాసులో పైన నురగ తేలుతున్న ఆకుపచ్చ రసం తీసుకున్నాడు. ఇక్కడివాళ్లు అరుగంపుల్ అంటారు. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే.

“ఫాస్టింగ్ షుగర్ 182 ఉండేదమ్మా. నెల రోజులు ఇది తాగాను, 141కి వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?” అన్నాడు.

“ఎప్పుడు మొదలుపెట్టావు బాబాయ్?”

“182 వచ్చిన మర్నాడే.”

“అంతకుముందు కూడా పార్కుకి వచ్చేవాడివా?”

“లేదు. రసం తాగాక అరగంట ఏమీ తినకూడదన్నాడు బండివాడు. ఊరికే కూర్చోవడమెందుకని నాలుగు రౌండ్లు వేస్తున్నాను.”

ఇంటికొచ్చాక పిన్ని ఇంకో మాట చెప్పింది. రసంతో కడుపు నిండిపోతోందని నాలుగిడ్లీలు తినే మనిషి రెండే తింటున్నాడట.

బాబాయ్ అబద్ధమాడలేదు. అంకెలు రెండూ నిజమే. కానీ ఆ నెలలో మారింది ఒక్క గరిక రసమే కాదు. రోజూ నడక వచ్చింది, ఇడ్లీలు సగమయ్యాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆయన మొదలుపెట్టిన రోజు. ఫాస్టింగ్ షుగర్ రోజూ ఒకేలా ఉండదు. రాత్రి ఏం తిన్నాం, ఎంత నిద్రపోయాం, జ్వరం ఏమైనా ఉందా, ఏదైనా టెన్షన్‌లో ఉన్నామా అన్నదాన్ని బట్టి పైకీ కిందికీ పోతుంది. మనం కంగారుపడి కొత్త వైద్యం మొదలుపెట్టేది ఎప్పుడు? అంకె బాగా ఎక్కువ వచ్చిన రోజున. ఆ తర్వాత ఏమీ చేయకుండా మళ్లీ పరీక్ష చేయించుకున్నా, అది కొంత దిగే అవకాశమే ఎక్కువ. డాక్టర్లు హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించమనేది ఇందుకే. అది ఒక్క రోజు అంకె కాదు, రెండు మూడు నెలల సగటును చెబుతుంది.

గరికలో ఏమీ లేదని నేననడం లేదు. ఉందో లేదో ఈ లెక్క చెప్పలేదు, అంతే. తిండి మీద, వ్యాయామం మీద ఏ వార్త చదివినా నేను మొదట వెతికేది ఒకటే: పోల్చిన రెండు గుంపుల మధ్య ముందు నుంచే తేడా ఉందా? ఈ ప్రశ్న అడగడం నాకు నేర్పింది లండన్ బస్సుల కథ.

1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ రవాణా ఉద్యోగుల గుండె జబ్బుల లెక్కలు ప్రచురించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు ఇస్తూ కిందికీ పైకీ తిరుగుతుంటాడు, రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే రకం జీవితం. అయినా కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది, వచ్చినవాళ్లలో కూడా ప్రాణం పోవడం తక్కువ. కూర్చుని చేసే పనికీ గుండెకూ సంబంధం ఉందని అంకెలతో గట్టిగా చూపించిన తొలి పరిశోధనల్లో ఇదొకటి.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఇష్టమైన భాగం దీని తర్వాతే ఉంది. అసలు డ్రైవరు ఉద్యోగంలో చేరేవాళ్లే వేరే రకం మనుషులైతే? ఒళ్లు బరువుగా ఉన్నవాళ్లు స్టీరింగ్ ముందు కూర్చునే పని, చురుకైనవాళ్లు మెట్లెక్కే పని ఎంచుకుని ఉంటే? దీన్ని తేల్చడానికి వాళ్లు యూనిఫాం లెక్కలు తీశారు. ఉద్యోగులకు సంస్థే బట్టలు కుట్టించి ఇచ్చేది కాబట్టి ఒక్కొక్కరి ప్యాంటు నడుము కొలత రికార్డుల్లో ఉంది. డ్రైవర్ల నడుములు లావుగా ఉన్నాయి, అదీ చిన్న వయసువాళ్లలో కూడా. అంటే ఏళ్ల తరబడి కూర్చోవడం వల్ల వచ్చిన లావు మాత్రమే కాదు. తమ సిద్ధాంతానికి తామే చిల్లు పెట్టగల ఈ సంగతిని వాళ్లు దాచలేదు, 1956లో అచ్చువేశారు. తర్వాత ఒకే నడుము కొలత ఉన్న డ్రైవరునీ కండక్టరునీ పక్కపక్కన పెట్టి చూశారు. సన్నటివాళ్లలోనూ లావుపాటివాళ్లలోనూ కండక్టరుకే ముప్పు తక్కువని తేలింది. నడుస్తూ, సైకిల్ తొక్కుతూ ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకూ, కుర్చీలో పనిచేసే పోస్టాఫీసు గుమాస్తాలకూ మధ్య కూడా అలాంటి తేడాయే కనబడింది. సైన్సులో నమ్మకం ఇలా కూడబెట్టుకుంటూ పోవాలి. మోరిస్ 99 ఏళ్లు బతికారు. ఇది చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ రుజువు కాదు, ఒక్క మనిషి కథ.

ఈ పరిశోధననే ఎత్తుకొచ్చి చెన్నై సిటీ బస్సులో పెడితే ఏమవుతుంది? ఇక్కడ కండక్టరు చాలాసార్లు వెనక తలుపు పక్కన సీట్లో కూర్చునే ఉంటాడు. డబ్బులు చేతులు మారుతూ ఆయన దగ్గరికి వెళ్తాయి, టికెట్టు అలాగే చేతులు మారుతూ మనకి వస్తుంది. అక్కడ తేడా తెచ్చింది కండక్టరు అన్న పేరు కాదు, ఆయన ఎక్కిన మెట్లు.

తిండి విషయంలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఎవరు ఎంత తిన్నారో కొలవడమే కష్టం. పోయిన నెలలో వేపుడు ఎన్నిసార్లు తిన్నారని పిన్నిని అడిగితే ఏం చెబుతుంది? పెద్ద పెద్ద పరిశోధనలు కూడా చాలావరకు ఇలాంటి ప్రశ్నలకు మనుషులు గుర్తు తెచ్చుకుని చెప్పిన జవాబుల మీదే ఆధారపడతాయి.

ఒక ఉదాహరణ తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. క్యారెట్, మునగాకు లాంటివాటిలో ఉండే బీటా కెరోటిన్ రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది. అయితే దాన్నే మాత్రగా ఇస్తే సరిపోతుందిగా అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లను 29,133 మందిని తీసుకుని, ఎవరికి బీటా కెరోటిన్, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీలాగా పంచారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో ఇలాంటిదే ఇంకో ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు. కూరగాయలు ఎక్కువ తినేవాళ్లు ఇంకా చాలా విషయాల్లో వేరుగా ఉంటారు. ఆ తేడా అంతా బీటా కెరోటిన్ ఖాతాలో పడింది. మేలు జరుగుతుందని నమ్మి ఏళ్ల తరబడి మాత్ర మింగినవాళ్లు వాళ్లు. ఇది క్యారెట్ మీద తీర్పు కాదు, పొగతాగేవాళ్లకి ఇచ్చిన మాత్ర మీద తీర్పు. ఇలాంటి తేడాని వార్తలు తరచూ మింగేస్తాయి.

బాబాయ్ ఫోనులో రోజుకి 10,000 అడుగుల టార్గెట్ ఉంది. అది ప్రయోగశాలలో పుట్టిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరుకే పదివేల అడుగుల మీటరు అని అర్థం. 2019లో అమెరికాలో వయసు మళ్లిన ఆడవాళ్లు 16,741 మందిని గమనిస్తే, అడుగులు పెరిగేకొద్దీ మరణాలు తగ్గి, 7,500 దగ్గర ఆ తగ్గుదల ఆగిపోయింది. ఇక్కడా ప్రశ్న అదే: నడవనివాళ్లలో కొందరు ముందే జబ్బుపడి, నడవలేక నడవనివాళ్లు కావచ్చు.

మరి గట్టి ఆధారమంటే ఎలా ఉంటుంది? అందుకు బాబాయ్‌కి చెన్నైలో జరిగిన పనే చూపించాను. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించింది. ఇంకా షుగర్ రాలేదు గానీ వచ్చే దారిలో ఉన్న 531 మందిని నాలుగు గుంపులు చేశారు. ఎవరు ఏ గుంపులో ఉండాలన్నది వాళ్ల ఇష్టానికి వదల్లేదు. మొదటి గుంపుకి మామూలు సలహా ఇచ్చారు. రెండోదానికి తిండి మార్పులు, రోజూ కనీసం అరగంట వేగంగా నడక. మూడోదానికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర. నాలుగోదానికి నడక, తిండి మార్పులు, మాత్ర అన్నీ. మూడేళ్లలో షుగర్ వచ్చినవాళ్లు మొదటి గుంపులో నూటికి 55 మంది. మిగతా మూడింటిలోనూ ఇంచుమించు 39 నుంచి 41 మంది. నడక, తిండి మార్పులు ఇచ్చిన మేలు మాత్ర ఇచ్చినంత ఉంది, రెండూ కలిపితే అదనంగా ఏమీ రాలేదు.

దీన్నే “28.5 శాతం తగ్గింపు” అని రాయొచ్చు, “నూటికి 16 మంది తప్పించుకున్నారు” అనీ రాయొచ్చు. రెండూ నిజమే. నాకు రెండోదే నచ్చుతుంది. ఎందుకంటే నడిచినా షుగర్ వచ్చిన 39 మంది అందులో కనబడతారు. వాళ్లు తప్పేమీ చేయలేదు. మన ఇళ్లల్లో షుగర్ వచ్చినవాళ్లని “తిండి మీద అదుపు లేదు” అని తేలిగ్గా అనేస్తుంటాం. ఆ 39 మందిని గుర్తుంచుకుంటే ఆ మాట నోట రాదు.

బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. “అయితే రసం మానేసి నడక ఉంచి, మూడు నెలలయ్యాక ఆ సగటు పరీక్ష చేయించనా?” అన్నాడు. డాక్టరుగారిని అడిగి, ఇచ్చిన మందులు మానకుండా చేయమన్నాను.

అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్న పిన్ని తలెత్తింది. “ఆ 531 మందిలో ఆడవాళ్లు ఎంతమందే?”

“110 మంది పిన్నీ.”

“నాలుగు గుంపులకి పంచితే ఒక్కోదానికి సగటున ముప్ఫైమంది కూడా రారు కదే. మా సంగతి అంత తక్కువమందిని చూసి చెప్పారా?” అంది.