వెల్ష్ పురాణాల నీడలో పుట్టిన ఫాంటసీ నవలలకు రిఫరెన్స్ గైడ్లు: అపోహలు - వాస్తవాలు

పురాణాల ఆధారంగా వచ్చిన ఫాంటసీ నవలామాలికలకు రిఫరెన్స్ గైడ్లు, అంటే అందులోని పేర్లను వివరించే సహాయక గ్రంథాలు, కూర్చడం నా పని. ఈ గైడ్ల గురించి పాఠకులలోనే కాక, కొన్నిసార్లు సంపాదకులలో కూడా కొన్ని అపోహలు కనిపిస్తాయి. ఉదాహరణలన్నీ అమెరికన్ రచయిత లాయిడ్ అలెగ్జాండర్ 1964 నుంచి 1968 వరకు ఏటా ఒకటి చొప్పున వెలువరించిన ఐదు ప్రిడైన్ నవలల నుంచే తీసుకుంటాను. మైకేల్ టన్నెల్ 1989లో వాటికి కూర్చిన ‘ది ప్రిడైన్ కంపానియన్’ ఈ తరహా గైడ్లకు మంచి నమూనా.

అపోహ: గైడ్ అంటే కథాసారాంశాన్ని అకారాది క్రమంలో పేర్చడమే.

వాస్తవం: మన ‘పురాణనామ చంద్రిక’ వంటి గ్రంథంలో పేరు కింద పురాణకథ చెబితే సరిపోతుంది. ప్రిడైన్ గైడ్‌లో మాత్రం ఒకే పేరు కింద రెండు లెక్కలు, అంటే నవల చెప్పేదొకటి, మధ్యయుగపు వెల్ష్ గ్రంథం చెప్పేదొకటి, ఒకదానితో ఒకటి కలిసిపోకుండా రాయాలి.

అపోహ: మూలంతో సరిపోలనిదంతా నవలాకారుడి పొరపాటే, గైడ్ దాన్ని సరిదిద్దాలి.

వాస్తవం: ఈ పనికి అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసే అపోహ ఇదే. తన కథ వెల్ష్ పురాణాలకు పునఃకథనం కాదని అలెగ్జాండర్ మొదటి నవల ముందుమాటలోనే స్పష్టం చేశారు. ఆయన నవలల్లో అరాన్ మృత్యుప్రభువు, గ్విడియన్ ధీరోదాత్తుడైన రాజకుమారుడు. మధ్యయుగపు వెల్ష్ కథల సంకలనం ‘మాబినోగియన్’ తెరిస్తే ఈ లెక్క దాదాపు తలకిందులవుతుంది. అక్కడ అరాన్ పరలోకమైన అన్నూన్‌కు రాజు, మాట తప్పనివాడు. పుయిల్ అనే రాజుతో ఏడాదిపాటు రూపమూ రాజ్యమూ మార్చుకుని, గడువు తీరాక అతనికి ఆప్తమిత్రుడవుతాడు. గ్విడియన్ అయితే తమ్ముడి కామం తీర్చడం కోసం మాయాకానుకలతో పుయిల్ కొడుకు పందులను కాజేసి, యుద్ధం రగిలించి, చివరకు అతన్ని మంత్రబలంతో చంపి, శిక్షగా మూడేళ్లపాటు మూడు జంతువుల రూపాల్లో బతుకుతాడు. ఈ మార్పును తప్పుగా లెక్కగట్టే ఎంట్రీ వల్ల పాఠకుడికి ఒరిగేదేమీ లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడే నవలాకారుడు ఏది ఉంచుకున్నాడో, ఏది వదిలేశాడో కనబడుతుంది.

చచ్చినవారిని లేపే కొప్పెర సంగతీ అంతే. మూలకథలో అందులోంచి లేచిన యోధులకు మాట రాదు. ఆ మూగతనాన్ని అలెగ్జాండర్ అలాగే ఉంచారు. బతికున్న మనిషి లోపలికి చేరితే కొప్పెర పగిలిపోవడం కూడా రెండు చోట్లా ఉంది. నవలలో ఆ మనిషి ఎవరో ఇక్కడ చెప్పను. గైడ్‌లో చెప్పక తప్పదు కాబట్టి, నవలలన్నీ పూర్తిచేశాకే గైడ్ తెరవమని నా సలహా.

అపోహ: మూలం ‘మాబినోగియన్’ ఒక్కటే, అది ఒకే చేతి రచన.

వాస్తవం: ప్రధానంగా రెండు రాతప్రతులలో దొరికిన పదకొండు కథలకు ఉమ్మడిగా స్థిరపడిన పేరు అది, ఆ పేరు వ్యాప్తిలోకి రావడానికి 19వ శతాబ్దంలో షార్లెట్ గెస్ట్ చేసిన ఆంగ్లానువాదం ముఖ్య కారణం. వెల్ష్ త్రయాలు, అంటే ముగ్గురేసి పేర్లను గుదిగుచ్చిన స్మృతిసూత్రాలు, దీనికి వేరు. నవల ఆరంభంలో కనిపించే చిన్న పొలంలోని మూడు పేర్లు, డాల్బెన్, కోల్, హెన్ వెన్ అనే తెల్లపంది, ఒకే త్రయంలో ఉన్నాయి. అక్కడ డాల్బెన్ పందిని కోల్ కాస్తుంటాడు. ఆ పంది ఊరూరా తిరుగుతూ గోధుమగింజను, తేనెటీగను, తోడేలుపిల్లను, పిల్లికూనను ఈనుతుంది. జోస్యం ఊసే లేదు. దాన్ని జోస్యం చెప్పే పందిగా, డాల్బెన్‌ను 379 ఏళ్ల మాంత్రికుడిగా మలిచింది అలెగ్జాండరే.

అపోహ: పేర్లను అక్షరం వెంట అక్షరంగా తెలుగులోకి దించితే చాలు.

వాస్తవం: వెల్ష్‌లో ‘ఎఫ్’ ఒకటైతే ‘వ’, రెండైతే ‘ఫ’, రెండు ‘డి’లు కలిస్తే దాదాపు ‘ద’. ఉచ్చారణ పట్టిక లేని గైడ్ సగం గైడే.

అపోహ: ఈ నవలల ఆధారంగా వచ్చిన 1985 నాటి డిస్నీ సినిమా చూస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ సినిమా మొదటి రెండు నవలలను కలిపి కుదించింది. అందులో గ్విడియన్ లేడు. ప్రతినాయకుడైన కొమ్ముల రాజు నవలలో అరాన్ తరఫున పోరాడే యోధుడు మాత్రమే, మొదటి పుస్తకంతోనే అతని కథ ముగుస్తుంది.